తీసుకునేవాడే నొక్కాలి

దొరసానికి ఒంట్లో బాగోలేదంటే చిన్నోడికి ఎక్కడలేని హుషారు వచ్చేది. ఇదేం బుద్ధి అనుకోకండి. దొరసాని అంటే మనిషి కాదు, కారు. ఎప్పుడో ఇంగ్లండులో తయారైన రెండు సీట్ల బండి. పైకప్పు ఉండదు. వానొస్తే గుడ్డ కప్పుకోవాలి, ఆ గుడ్డ బిగించేలోపు వాన వెలిసిపోతుంది. నేలకి ఎంత దగ్గరగా ఉంటుందంటే, సిగ్నల్ దగ్గర ఆగితే పక్కనున్న స్కూటరువాడి మోకాలితో మాట్లాడుకోవాలి.

చిన్నోడు కూడా చిన్నవాడేం కాదు. యాభై దాటినవాడు. కళ్ళజోళ్ళ దుకాణం వెనక గదిలో కూర్చుని అద్దాలు సానబట్టి ఫ్రేముల్లో బిగిస్తుంటాడు. ఆ పేరు పెట్టింది బావ. అక్కను పెళ్ళాడి బావ ఈ ఇంట్లో అడుగుపెట్టేనాటికి వీడి తండ్రి పోయి ఏడాది తిరగలేదు. ఇంట్లో మగదిక్కు లేదు. సైకిలు తొక్కడం దగ్గర్నుంచి గడ్డం గీసుకోవడం దాకా అన్నీ బావే నేర్పాడు. కళ్ళజోళ్ళ దుకాణంలో చేర్పించిందీ ఆయనే. పెళ్ళిచూపులకి వెంట వచ్చి, వీడు నోరు తెరవకపోతే వీడి బదులు మాట్లాడిందీ ఆయనే. బావ లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. "లిఫ్టు ఆగకపోతే జనం పైకి పోతారు, బండి ఆగకపోతే ఇంకా పైకి పోతార్రా" అని నవ్వేవాడు. ఆ నవ్వు కోసం చిన్నోడు ఏమైనా చేసేవాడు.

దొరసానిని ఇద్దరూ కలిసి ఒక పాత ఇనుము కొట్టులో చూశారు. చక్రాల్లేకుండా ఇటుకల మీద కూర్చుని ఉంది. ఇంజను బిగుసుకుపోయింది. చెరిసగం వేసుకుని తెచ్చుకున్నారు. ఆ పాత ఇంజనుకి సామాను దొరక్క, గుద్దుకుపోయిన ఏదో ఇంటిల్లిపాదీ తిరిగే కారులోంచి ఇంజను పీకి ఇందులో పెట్టారు. అది ఎత్తుగా ఉండి మూత పడలేదు. బావ సుత్తి తీసుకుని మూతని లోపలినుంచి కొట్టి, పైకి బుడిపె లేపాడు. నెత్తిన బొప్పి కట్టినట్టు ఉండేది. గేరుబాక్సు ఒక బండిది, ముందు బ్రేకులు ఇంకో బండివి, ఫ్యాను ఎక్కడిదో వాళ్ళకే గుర్తులేదు. డ్రైవరు పక్కసీటు మాత్రం మెత్తటిది వెతికి తెచ్చాడు బావ, అక్క కూర్చుంటుందని. ఒకసారి పాత కార్ల ప్రదర్శనకి తీసుకెళ్తే గేటు దగ్గరే ఆపేశారు.

"ఇందులో అసలుది ఏముందండీ?" అన్నాడు అక్కడి పెద్దమనిషి.

"మేమిద్దరం ఉన్నాం కదండీ" అన్నాడు బావ.

తర్వాత అక్కా బావా విడిపోయారు. కొట్టుకోలేదు, తిట్టుకోలేదు. ఒకే ఇంట్లో ఇద్దరు అద్దెకున్నవాళ్ళలా చాలాకాలం ఉండి, చివరికి ఆ అద్దె కూడా దండగ అనుకున్నట్టు విడిపోయారు. అక్క తమ్ముడి ఇంటి మేడమీద గదిలోకి వచ్చింది. బావ ఊరి అవతల వేరే గది చూసుకున్నాడు. మంచాలు, బీరువాలు, ఫ్రిజ్జు అన్నీ పంచుకున్నారు. దొరసానిలో మాత్రం సగం చిన్నోడిది కాబట్టి దాని జోలికి ఎవరూ రాలేదు.

చిన్నోడికి మిగిలింది అదొక్కటే. బావ ఇక ఇంటికి రాడు. వీడు ఆయన గదికి వెళ్తే అక్క మొహం చూడలేడు. మరి బావని బావా అని పిలవడానికి ఏదో ఒక చోటు కావాలి కదా. ఆ చోటు దొరసానే. ఒక నెల ఆయన దగ్గర, ఒక నెల వీడి దగ్గర. నెల మొదటి ఆదివారం, ఫర్నిచర్ గోడౌను వెనకాల ఇద్దరూ అద్దెకి తీసుకున్న రేకుల షెడ్డులో బండి చేతులు మారుతుంది. తాళాలు ఇద్దరి దగ్గరా ఉన్నా, చేతులు మార్చేటప్పుడు ఇద్దరూ ఉండాలన్నది బావ పెట్టిన పద్ధతి. ఇంకో పద్ధతి కూడా పెట్టాడు. ఇచ్చేవాడు బండి కింద పడుకోవాలి, తీసుకునేవాడు బ్రేకు నొక్కి చూడాలి.

"చూసిన కళ్ళకి కాదురా, తొక్కిన కాలికి నమ్మకం రావాలి. తీసుకునేవాడే నొక్కాలి" అనేవాడు.

బ్రేకు బాగుంటే ఈ తతంగమంతా టీ చల్లారేలోపు అయిపోతుంది. బావ తాళం జేబులో వేసుకుని, "సరేరా చిన్నోడా" అని వెళ్ళిపోతాడు. మళ్ళీ నెల దాకా ఆ మనిషి కనిపించడు. కానీ నూనె పారే బ్రేకు గొట్టాల్లో గాలి చేరి బ్రేకు మెత్తబడితే మాత్రం పని పెద్దది. ఒకడు నొక్కాలి, ఒకడు కింద చక్రం వెనకున్న చిన్న మర తిప్పాలి, నూనెతోపాటు బుడగలు బయటికి రావాలి, మర బిగించాక నొక్కినవాడు వదలాలి. అలా ఒక్కో చక్రానికీ ఎన్నిసార్లో. ఒక్కడి వల్ల అయ్యే పని కాదు. ఒకసారి నిజంగానే గాలి చేరింది. ఆ ఆదివారం పొద్దుటినుంచి మధ్యాహ్నం దాకా బావ షెడ్డులోనే ఉన్నాడు. ఇద్దరూ కలిసి అన్నం తిన్నారు.

ఆ తర్వాత నుంచి దొరసానికి ఆ జబ్బు తరచూ వచ్చేది. చిన్నోడు బండి ఇవ్వాల్సిన నెలల్లోనే వచ్చేది. ముందురోజు సాయంత్రం వీడు ఒక్కడే షెడ్డుకి వెళ్ళి, మర కాస్త వదులుచేసి, బ్రేకు నాలుగుసార్లు తొక్కి, గాలి లోపలికి పీల్చుకోనిచ్చి, మళ్ళీ బిగించి వచ్చేవాడు. అంతే. పొద్దున ఇద్దరూ కలిసి ఎలాగూ తీసేస్తారు కదా. ఎవరికి నష్టం?

"నొక్కు."

మామూలుగా కిందినుంచి వీడు అరుస్తాడు. పైన సీట్లో బావ.

"నొక్కా."

"వదులు."

"వదిలా. ఒరేయ్, ఇది బ్రేకా, తడి గుడ్డా? దొరసానికి మళ్ళీ ఆయాసం."

"వయసైపోలా బావా."

"వయసు మనకి కాలేదేంట్రా? మనం ఆగమంటే ఆగట్లా? నొక్కా. మీ ఆవిడ ఎలా ఉంది?"

"బాగానే ఉంది. నిన్ను అడిగింది. వదులు."

"అడిగితే అడిగింది గానీ, నీ పొట్ట ఏంట్రా జాకీకి తగుల్తోంది? తగ్గించు. బండి ఎత్తక్కర్లేదు, నువ్వు ఊపిరి పీలిస్తే అదే లేస్తుంది."

అక్క గురించి ఎప్పుడూ అడగడు. అడక్కుండా వదిలేసే ఆ చోటు దగ్గర మాత్రం ఒక్క క్షణం ఎక్కువసేపు నొక్కి పట్టుకునేవాడు. లేక చిన్నోడికే అలా అనిపించేదో.

ఇంట్లో ఆడవాళ్ళకి ఇదంతా విడ్డూరం. నూనె మరకల చొక్కాతో గుమ్మంలోకి రాగానే భార్య అందుకునేది. "ఇద్దరు మగాళ్ళు నాలుగు మాటలు మాట్లాడుకోవడానికి మధ్యలో ఓ ఇంజను కావాలా? ఫోను చేసుకోకూడదూ?"

"ఫోనులో ఏం మాట్లాడతామే?"

"షెడ్డులో ఏం మాట్లాడతారో అదే."

వీడు ఆలోచించేవాడు. నొక్కు, వదులు. ఫోనులో అదేం కుదురుతుంది?

మేడమీదినుంచి బట్టలు తీసుకుని దిగుతూ అక్క అంది ఒకసారి, "నన్నొదిలేసినా దాన్ని మాత్రం వదల్లేదు ఆ మనిషి."

"బావకి అదంటే..."

"ఇంకా బావేంట్రా? పేరు లేదా ఆయనకి?" కోపంగా అనలేదు. దుప్పటి మడత పెడుతూ, మామూలుగా అడిగినట్టే అడిగింది. చిన్నోడికి ఆ పేరు నోట్లోంచి రాలేదు. ఇన్నేళ్ళలో ఒక్కసారైనా పలికితే కదా.

ఈమధ్య బావ తొందరపడుతున్నాడు. పోయినసారి గాలి తీస్తుంటే రెండుసార్లు ఫోను మోగింది. తీసి, పక్కకెళ్ళి, చిన్న గొంతుతో మాట్లాడి వచ్చాడు. అన్నానికి ఆగలేదు. అంతకుముందూ ఆగలేదు. చొక్కా కూడా కొత్తగా ఉంది, ఇస్త్రీది. నూనె పనికి ఇస్త్రీ చొక్కా ఎవరు వేసుకొస్తారు? చిన్నోడు గమనించాడు గానీ అడగలేదు. అడిగితే ఏదో ఒక జవాబు వస్తుంది, అది వీడికి వద్దు.

అందుకే ఈసారి గాలి కాస్త ఎక్కువ ఎక్కించాడు. శనివారం సాయంత్రం షెడ్డులో కూర్చుని నాలుగు చక్రాల మరలూ వదులుచేశాడు. మధ్యాహ్నం దాకా పట్టాలి, బావ అన్నానికి ఆగాలి. ఆయనకి ఇష్టమైన కూర చెయ్యమని భార్యకి ముందే చెప్పి ఉంచాడు. చేతులు తుడుచుకుని, దొరసాని బుడిపె మీద ఓ తట్టు తట్టి ఇంటికొచ్చాడు.

ఆదివారం పొద్దున క్యారియరు పట్టుకుని షెడ్డుకి వెళ్తే తలుపు తాళం వేసి ఉంది. తీసి చూస్తే లోపల బండి లేదు. నేల మీద నూనె మరక ఉంది, అంతే.

ఫోను తీసి చూశాడు. తెల్లారుతుండగా వచ్చిన మెసేజీ. 'చిన్నోడా, ఈసారి నేనే పొద్దున్నే తీసుకెళ్తున్నా. చిన్న పనుంది. నువ్వు హాయిగా పడుకో.'

చిన్నోడు వెంటనే బావకి ఫోను చేశాడు. మోగింది, ఎత్తలేదు. మళ్ళీ చేశాడు. పైకప్పు లేని బండిలో, గాలి హోరులో ఫోను వినపడదని వీడికి తెలుసు. అయినా చేస్తూనే ఉన్నాడు. 'బావా బ్రేకులు' అని టైపు చేశాడు. తర్వాత ఏం రాయాలి? 'బాగోలేవు' అని రాస్తే నీకెలా తెలుసంటాడు. ఆ ఒక్క మాట దగ్గర ఆగి ఎంతసేపు నిలబడ్డాడో. చివరికి 'బ్రేకులు తొక్కొద్దు ఆపెయ్' అని పంపాడు. పంపాక చదువుకుంటే, బ్రేకు తొక్కకుండా బండి ఎలా ఆపుతారో వీడికే అర్థం కాలేదు.

క్యారియరు పక్కన పెట్టుకుని షెడ్డు గుమ్మంలో కూర్చున్నాడు. గోడౌను కూలీలు సోఫాలు దించుతూ "ఏం సార్, మీ పొట్టి కారు ఏదీ?" అని అడిగారు. "వస్తోంది" అన్నాడు.

మధ్యాహ్నం దాటాక వచ్చింది. నడిచినంత మెల్లగా, చేతిబ్రేకు పట్టుకుని తోలుకొచ్చాడు బావ. ముందు బంపరు వంకరపోయింది, ఒక లైటు పగిలింది, మూత నిండా ఇసుక. పక్కన మెత్తటి సీట్లో ఒకావిడ. నుదుటికి చేతిరుమాలు అదిమిపెట్టుకుని ఉంది. రుమాలు మీద ఎర్రగా మరక.

బావ దిగి, అటు తిరిగి వచ్చి ఆవిడకి చెయ్యిచ్చి దింపాడు. గుమ్మంలో ఉన్న ప్లాస్టిక్ కుర్చీ నీడలోకి లాగి కూర్చోబెట్టాడు.

"ఏం కాలేదులే" అంది ఆవిడ చిన్నోడిని చూసి. "దిగుడు రోడ్డులో బ్రేకు పడలేదు. ఇల్లు కడుతున్నవాళ్ళ ఇసుక కుప్పలోకి తిప్పారు కాబట్టి సరిపోయింది. మీరేనా చిన్నోడు? మీ గురించి ఎప్పుడూ చెప్తుంటారు."

చిన్నోడు ఆవిడ కాళ్ళకి అడ్డం లేకుండా క్యారియరు పక్కకి జరిపాడు.

"పాత బండి కదా, అలాగే చేస్తుంది" అన్నాడు బావ ఆవిడతో. "నువ్వు కాసేపు కూర్చో. ఇది సరిచేసి, ఆటోలో వెళ్దాం. దార్లో డాక్టరుకి చూపిద్దాం."

ఆవిడని 'నువ్వు' అన్నాడు. చిన్నోడు అది విన్నాడు.

బావ చొక్కా విప్పి మేకుకి తగిలించాడు. జాకీ ఎక్కించాడు. కారే నూనె పట్టడానికి గొట్టమూ సీసా తీసుకున్నాడు. చిన్నోడు అలవాటుగా కింద పడుకోబోయాడు.

"నువ్వు కాదు" అన్నాడు బావ. "నువ్వు పైకెక్కి కూర్చో."

"ఈ నెల నీది కదా బావా. తీసుకునేవాడే నొక్కాలి."

"అందుకేరా నిన్ను కూర్చోమన్నది."

చిన్నోడికి అర్థమైంది. అర్థం కానట్టు నిలబడ్డాడు. బావ అప్పటికే బండి కిందికి దూరిపోయాడు, కాళ్ళు మాత్రం బయట ఉన్నాయి. చేసేదేం లేక వెళ్ళి సీట్లో కూర్చున్నాడు.

"నొక్కు" అన్నాడు బావ కిందినుంచి.

"నొక్కా."

పెడలు అడుగుదాకా దిగిపోయింది, ఏమీ లేనట్టే. సీసాలో బుడగలు గుడగుడమన్నాయి. ఆ చప్పుడు ఇద్దరికీ వినిపించింది.

"వదులు. ఈసారి బాగానే ఎక్కించావ్."

చిన్నోడి కాలు పెడలు మీదే బిగుసుకుపోయింది.

"వదలరా."

వదిలాడు. "నీకు... ఎప్పట్నుంచి తెలుసు?"

"మొదటిసారి నుంచే. బుద్ధొచ్చినప్పట్నుంచీ బ్రేకులు చూస్తున్నవాణ్ణి, గాలి దానంతటది రాదని నాకు తెలీదా? నొక్కు."

"నొక్కా. మరి తెలిసీ ఎందుకొచ్చేవాడివి?"

"గాలి తీయడానికి" అన్నాడు బావ. మర బిగించాడు. "వదులు. నాకూ బాగానే ఉండేదిరా. అబద్ధం ఎందుకు?"

"ఈసారి ముందుగా చెప్పకుండా తీసుకెళ్ళావ్ బావా. చెప్పుంటే..."

"అదే చెప్తున్నా. నిన్ననడం లేదు. నువ్వు గాలి పెట్టి ఉంటావని నాకు తెలుసు. తెలిసుండీ మర్చిపోయా. పొద్దున్నే గాలి చల్లగా ఉంది, పక్కన ఈవిడ ఏదో కబుర్లు చెప్తోంది, నవ్వుతున్నా. షెడ్డులోంచి తీసేటప్పుడు కాలికి మెత్తగా తగిలింది కూడా. రెండుసార్లు గబగబా తొక్కాను, పెడలు లేచింది, వచ్చేశా. ఇంతకాలంలో ఎప్పుడూ అలా చెయ్యలేదు. నొక్కు."

చిన్నోడు నొక్కాడు. నొక్కానని చెప్పలేకపోయాడు.

"నొక్కావా?"

"ఊఁ."

"సంతోషంలో నిన్ను మర్చిపోయాన్రా. దిగుడులో బ్రేకు పడనప్పుడు గుర్తొచ్చావు. ఆవిడ తల అద్దానికి కొట్టుకున్నప్పుడు ఒక్క క్షణం నిన్ను చంపెయ్యాలనిపించింది. నిన్ను! అప్పుడు భయం వేసింది నాకు. వదులు."

నాలుగు చక్రాలూ అయ్యేసరికి పొద్దు వాలింది. ఇద్దరూ ఇంకో మాట మాట్లాడలేదు, ఆ రెండు మాటలు తప్ప. ఆఖరికి పెడలు రాయిలా గట్టిపడింది. ఎంత తొక్కినా దిగలేదు. ఇంత మంచి బ్రేకు దొరసానికి ఎప్పుడూ లేదు.

బావ లేచి, చేతులు కడుక్కుని, చొక్కా వేసుకున్నాడు. తన తాళం తీసి సీటు మీద పెట్టాడు. షెడ్డు తాళం కూడా.

"నా సగం నీకే. ఎవరికైనా ఇచ్చేస్తే ఇచ్చెయ్, ఉంచుకుంటే ఉంచుకో. మళ్ళీ గాలి చేరితే మెకానిక్కుకి చూపించు."

"అన్నం తెచ్చాను బావా." ఇంకేం అనాలో తెలియక అన్నాడు చిన్నోడు.

బావ క్యారియరు వంక చూశాడు. ఆవిడ వంక చూశాడు. రుమాలు మరక ఆరి నల్లబడింది. "ఆవిడకి కుట్లు పడతాయేమో రా" అన్నాడు. ఆటో పిలిచి ఆవిడని ముందు ఎక్కించి, తనూ ఎక్కాడు. ఆటో కదిలే ముందు ఏదో అనబోయినట్టు తల బయటపెట్టాడు గానీ, గోడౌను లారీ హారను కొడుతుంటే డ్రైవరు లాగించేశాడు.

ఇంటికొచ్చి చిన్నోడు జరిగింది చెప్పాడు, గాలి సంగతి తప్ప. భార్య క్యారియరు విప్పి కూర వేడిచేసింది. అక్క మెట్ల మీద నిలబడి అంతా విని, "ఆవిడకి దెబ్బ పెద్దదా?" అని మాత్రం అడిగింది. కాదేమో అన్నాడు. "పోన్లే" అని పైకి వెళ్ళిపోయింది. ఆ తర్వాత అక్క ఎదుట వీడు బావ అన్నా, పేరు లేదా అని ఆమె అడగలేదు. అడగడం మానేయడమే వీడికి ఇంకా కష్టంగా తోచింది.

చాలా నెలలు దొరసాని చక్కగా తిరిగింది. వీడు ఎదురుచూశాడు, ఏమీ చెడలేదు. వీడూ చెయ్యి పెట్టలేదు. మరల వంక చూడాలన్నా భయమేసేది. అలా ఉండగా ఒకరోజు దుకాణం ముందు ఆపిన బండి కింద నీళ్ళు కారుతూ కనిపించాయి. వంగి చూస్తే రేడియేటరు చిల్లి పడింది. నిజంగా పడింది, దానంతటదే! చిన్నోడు లోపలికి పరుగెత్తాడు. సగం సానబట్టిన అద్దం పక్కన పెట్టి ఫోను చేశాడు.

"బావా, దొరసాని రేడియేటరు పోయింది. నిజంగా."

"అవునా? అయ్యో" అన్నాడు బావ. గొంతు బాగానే ఉంది, ప్రేమగానే ఉంది. "బస్టాండు వెనక రేడియేటర్ల మేస్త్రీ ఉన్నాడ్రా, తలపాగా చుట్టుకుంటాడు. నా పేరు చెప్పు, జాగ్రత్తగా చూస్తాడు."

"నువ్వు రావా?"

ఫోనులో బావ వెనకాల ఎక్కడో కుక్కరు కూత పెట్టింది.

"నాకంటే అతను బాగా చేస్తాడు, చిన్నోడా. ఉంటా."

మేస్త్రీ కొట్టు దొరకడం కష్టం కాలేదు. తలపాగా మనిషి బండి చుట్టూ ఒకసారి తిరిగి, బుడిపె మీద చెయ్యివేసి నవ్వాడు. "ఇదేం సార్, దీని నెత్తిన ఎవరు మొట్టారు?" చిన్నోడు బావ పేరు చెప్పాడు. జీవితంలో మొదటిసారి పలికాడు. ఎవరి పేరో చెప్పినట్టుంది.

"ఆయన పంపారా! ముందే చెప్పొద్దా సార్? కూర్చోండి కూర్చోండి. ఆయన మీకేమవుతారు?"

"బావ" అన్నాడు చిన్నోడు, నోటి అలవాటుకొద్దీ.

"అదీ సంగతి! అయితే మేడమ్ గారి తమ్ముడు మీరు. మొన్నేగా ఇద్దరూ ఇటు వచ్చి టీ తాగి వెళ్ళారు. నేను అనుకుంటూనే ఉన్నా, ఆవిడ నుదుటి మీద ఆ మచ్చ తప్పిస్తే మొహంలో అదే పోలిక. మేడమ్ గారు కులాసాయేనా?"

చిన్నోడు అతని వంక చూశాడు. కాదని చెప్పాలంటే మొదటినుంచీ చెప్పాలి. అక్క దగ్గర మొదలుపెట్టాలి.

"కులాసాయే" అన్నాడు.

"ఒరేయ్, సారుకి టీ చెప్పండ్రా! మన సారు బావమరిది!" లోపలికి కేకేశాడు మేస్త్రీ. ఎవరో బల్ల తుడిచారు. ఎవరో ఫ్యాను ఇటు తిప్పారు. టీ వచ్చింది. చిన్నోడు ఆ గాలిలో కూర్చుని మెల్లగా, ఒక్కో గుక్కే తాగాడు. మేస్త్రీ ఒక్కడే వంగి రేడియేటరు విప్పి, చిల్లి వెతికి, అతుకు పెట్టాడు. ఎవర్నీ ఏదీ పట్టుకోమనలేదు.

గ్లాసు ఇంకా ఖాళీ కాలేదు. "అయిపోయింది సార్, తీసుకెళ్ళొచ్చు" అన్నాడు మేస్త్రీ చేతులు తుడుచుకుంటూ.